ఎముకల్లో రాసి ఉన్న తిండి, నీళ్లు: జగ్గయ్యపేట శాసనం చెప్పని సంగతులు

జగ్గయ్యపేట/నందిగామ: జగ్గయ్యపేట పక్కన ఉన్న ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించారు. అక్కడ దొరికిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటి శాసనం ఉంది. అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దం. ఆ స్తంభాలు నిలబెట్టించింది రాజు కాదు, సిద్ధార్థుడు అనే ఒక చేతిపనివాడు. తన తండ్రి ఎవరో, ఊరు ఏదో, తల్లి, భార్య, పిల్లల పేర్లేమిటో అన్నీ రాయించాడు.

దాదాపు 1700 ఏళ్ల తర్వాత కూడా ఆ కుటుంబం పేర్లు మనకు తెలుసు. కానీ వాళ్లు జొన్న సంకటి తిన్నారా, వరి అన్నం తిన్నారా? ఆ పిల్లలు కడుపునిండా తిని పెరిగారా? రాయి చెక్కి చెక్కి సిద్ధార్థుడికి భుజాలు అరిగిపోయాయా? ఏ నీళ్లు తాగారు? వీటిలో ఒక్కదానికీ శాసనం జవాబు చెప్పదు. రాయి మీద మనిషి తనకు నచ్చింది రాయించుకుంటాడు. ఒంట్లో ఉన్న ఎముక మాత్రం జరిగింది జరిగినట్టు రాసుకుంటుంది.

అలా ఎముకలను, పళ్లను చదివి పాతకాలపు మనుషుల తిండి, రోగాలు, కష్టం తెలుసుకునే శాస్త్రాన్ని బయో ఆర్కియాలజీ అంటారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల దగ్గర, అంటే ఇప్పటి పెరూ, చిలీ, బొలీవియా దేశాల్లో ఈ పని చాలా లోతుగా జరిగింది. అక్కడి ఎడారి గాలికి శవాలు కుళ్లకుండా ఎండిపోయి వేల ఏళ్లు నిలిచాయి. మన కృష్ణా నది ఒడ్డున కూడా ఇలాంటి ఎముకలు దొరికాయి. వాటి నుంచి నేర్చుకునే పాఠం పాతకాలానిదే కాదు, ఈ రోజు బోరు నీళ్లు తాగే ఇంటికీ పనికొస్తుంది.

కృష్ణా ఎగువన దొరికిన మనుషులు

జగ్గయ్యపేట శాసనంలో ఉన్న అదే వీరపురుషదత్తుడి రాజధాని విజయపురి. అదే నాగార్జునకొండ. సాగర్ డ్యామ్ కట్టాలని నిర్ణయించాక ఆ లోయ అంతా మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీగా తవ్వకాలు జరిపారు. బౌద్ధ విహారాలే కాదు, వాటికంటే ముందటి కొత్త రాతియుగపు సమాధులు, బృహత్ శిలా సమాధులు కూడా బయటపడ్డాయి. వాటిలో మనుషుల అస్థిపంజరాలు ఉన్నాయి.

నదికి అవతలి ఒడ్డున, నల్లగొండ జిల్లా వైపున ఏలేశ్వరం ఉండేది. అది కూడా ఇప్పుడు నీళ్ల కిందే ఉంది. మునిగిపోకముందు అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. ఆ తవ్వకాల మీద 1963లో వచ్చిన పుస్తకం మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ రాసినది. ఆయన ఆ శాఖకు డైరెక్టర్‌గా పనిచేశారు. తెలుగు నేల చరిత్రను మట్టిలోంచి పైకి తీసినవాళ్లలో గులాం యజ్దానీ తర్వాత చెప్పుకోవాల్సిన పేరు ఆయనది.

బృహత్ శిలా సమాధులు అంటే చుట్టూ పెద్ద పెద్ద బండరాళ్లు వలయంగా పేర్చి, మధ్యలో గుంటలోనో రాతి పలకల పెట్టెలోనో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు పెట్టిన చోట్లు. పల్లెల్లో వీటిని రాక్షసి గుళ్లు అంటారు. సుమారు మూడు వేల ఏళ్ల కిందటి నుంచి తెలుగు నేల మీద చాలాచోట్ల ఇవి కట్టారు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఇలాంటి సమాధి తవ్వితే దాని మీది మూతరాయే 40 టన్నులకు పైగా ఉంది. అక్కడి ఎముకల్లో డీఎన్ఏ కోసం హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నమూనాలు తీసుకున్నారు.

ఒకప్పుడు ఎముకలు దొరికితే ముందు పుర్రె కొలిచేవారు. ఇతను ఏ జాతి అనేదే ఆనాటి పెద్ద ప్రశ్న. ఆ కొలతల వల్ల తేలింది తక్కువ, జరిగిన చెడు ఎక్కువ. ఇప్పుడు ప్రశ్న మారింది. ఈ మనిషి ఏం తిన్నాడు, ఏ రోగంతో బాధపడ్డాడు, ఎంత బరువు మోశాడు, చిన్నప్పుడు ఎన్నిసార్లు పస్తులున్నాడు అని అడుగుతున్నారు.

పన్ను మూసేసిన ఖాతా, ఎముక నడుస్తున్న ఖాతా

దుకాణం లెక్కలు తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పన్ను మీది తెల్లటి గట్టి పొర, అంటే ఎనామిల్, చిన్నతనంలోనే తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక శరీరం దాన్ని మళ్లీ కట్టదు. అది మూసేసిన ఖాతా పుస్తకం. మూడేళ్ల వయసులో పిల్లాడికి పెద్ద జబ్బు చేసినా, కరువొచ్చి తిండి లేకపోయినా ఆ సమయంలో ఎనామిల్ తయారవడం ఆగిపోతుంది. పన్ను మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. ఆ గీత పన్నులో ఎంత ఎత్తున ఉందో చూసి, సుమారుగా ఏ వయసులో ఆ కష్టం వచ్చిందో చెప్పొచ్చు.

ఎముక అలా కాదు. పాత ఎముక కొంచెం కొంచెంగా కరుగుతూ, కొత్తది చేరుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో ఈ మార్పు పూర్తి కావడానికి పదేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. అంటే ఎముక నడుస్తున్న ఖాతా. అందులో చివరి పదేళ్ల పైచిలుకు లెక్క దొరుకుతుంది. పన్నును, ఎముకను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మనిషి బాల్యం, చివరి దశ రెండూ తెలుస్తాయి.

కంటి గుంట పైకప్పులో చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే చిన్నతనంలో రక్తహీనత ఉండి ఉండొచ్చని అనుమానిస్తారు. రక్తం చాలనప్పుడు దాన్ని తయారుచేసే ఎముక మజ్జ ఉబ్బి, పైపొర పలచబడుతుంది. ఆండీస్ ప్రాంతపు పుర్రెల్లో ఇలాంటి గుర్తులు చాలా దొరికాయి. తిండి లోపం, కడుపులో పురుగులు, పదే పదే విరేచనాలు ఇలాంటివన్నీ కారణాలు కావచ్చని పరిశోధకులు చెబుతారు.

కీళ్ల అరుగుదల చూస్తే చేసిన పని తెలుస్తుంది. వెన్నుపూసల అంచులు ముళ్లలా పెరిగితే బరువులు మోసిన ఒళ్లు అని అనుమానించొచ్చు. చిలీ తీరంలో చల్లటి సముద్రంలోకి పదే పదే మునిగి చేపలు, గుల్లలు తెచ్చినవాళ్ల చెవి రంధ్రంలో ఎముక గడ్డలా పెరిగింది. ఆ గడ్డను చూసే ఇతను సముద్రంలో మునిగే మనిషి అని చెప్పగలిగారు.

కుష్ఠు, క్షయ లాంటి ఎక్కువ కాలం ఉండే రోగాలు కూడా ఎముకను తాకుతాయి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బాలాథల్‌లో దొరికిన సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి అస్థిపంజరంలో కుష్ఠు గుర్తులు ఉన్నట్టు 2009లో ప్రచురించారు.

జొన్నా, వరా? ఎలా తెలుస్తుంది

మొక్కలన్నీ గాలిలోంచి కార్బన్ తీసుకుంటాయి. కానీ అన్నీ ఒకే పద్ధతిలో తీసుకోవు. కార్బన్‌లో మామూలు రకంతో పాటు కాస్త బరువైన కార్బన్-13 అనే రకం ఉంది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న లాంటివి దీన్ని ఎక్కువగా ఉంచుకుంటాయి. వరి, గోధుమ, పప్పులు, కూరగాయలు తక్కువగా ఉంచుకుంటాయి. మనం తిన్నదే మన ఎముక అవుతుంది కాబట్టి ఆ తేడా ఎముకలోకి వస్తుంది.

ఆండీస్‌లో ఈ పద్ధతితోనే ఒక పెద్ద విషయం తేల్చారు. అక్కడి పాత ఆహారం ఆలుగడ్డలు, కినోవా. మొక్కజొన్న తర్వాత పెద్ద పంట అయింది. ఎముకల్లోని కార్బన్ చూసి ఏ కాలంలో, ఏ ఊళ్లో మొక్కజొన్న ముఖ్యమైన తిండిగా మారిందో గుర్తించారు. పిండి పదార్థం పెరిగినచోట పుచ్చిపళ్లు కూడా పెరగడం ప్రపంచంలో చాలాచోట్ల కనిపించింది.

ఇదే పద్ధతి మన నేలకు కూడా సరిగ్గా సరిపోతుంది. మెట్టలో జొన్న, సజ్జ. నీళ్లున్నచోట వరి. ఈ రెండూ కార్బన్ లెక్కలో విడివిడిగా కనిపిస్తాయి. మాంసం, చేపలు ఎంత తిన్నారనేది నైట్రోజన్ లెక్కలో తెలుస్తుంది. ఒకదాన్ని ఒకటి తినే వరుసలో పైకి వెళ్లే కొద్దీ బరువైన నైట్రోజన్ పెరుగుతుంది. తల్లిపాలు తాగే బిడ్డలో అది తల్లికంటే ఎక్కువ ఉంటుంది. అందుకే పాలు ఎప్పుడు మాన్పించారో కూడా అంచనా వేయొచ్చు.

ఇంకో లెక్క స్ట్రాన్షియం. ఇది నేలలోంచి నీళ్ల ద్వారా, పంట ద్వారా ఒంట్లోకి వస్తుంది. జగ్గయ్యపేట చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల. సిమెంట్ ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది దాని కోసమే. తెలంగాణ వైపు గ్రానైట్ నేల ఎక్కువ. ఈ రెండు నేలల స్ట్రాన్షియం ఒకేలా ఉండదు. గ్రానైట్ నేల మీద పుట్టి పెరిగిన అమ్మాయి పెళ్లయి సున్నపురాయి నేలకు వస్తే, ఆమె పన్ను పుట్టింటి నేలను చూపిస్తుంది, ఎముక అత్తింటి నేలను చూపిస్తుంది. పేరు తెలియని మనిషి కూడా ఎక్కడ పెరిగి ఎక్కడ కన్నుమూసిందో ఇలా బయటపడుతుంది.

కాకపోతే మన వాతావరణం ఆండీస్ ఎడారి లాంటిది కాదు. ఎండకు, వానకు ఎముకలోని కొలాజెన్ అనే పదార్థం నశిస్తుంది. కార్బన్, నైట్రోజన్ పరీక్షలకు ముఖ్యంగా కావాల్సింది అదే. ఆమ్లం ఎక్కువ ఉన్న నేలలో ఎముకే కరిగిపోతుంది. సున్నం ఉన్న నేలలో కొంత నిలుస్తుంది. అందుకే మన దగ్గర పన్నుకు ఎక్కువ విలువ. ఎముక పొడి అయినా పన్ను నిలబడుతుంది.

నీళ్లు రాసిన రాత

ఈ శాస్త్రం చెప్పే మాటల్లో మనకు అన్నింటికంటే దగ్గరగా తగిలేది నీళ్ల గురించి.

చిలీ ఉత్తరాన అరికా ప్రాంతంలో చించోర్రో అనే జాలరి ప్రజలు ఉండేవారు. ఈజిప్టు కంటే ముందే, సుమారు ఏడు వేల ఏళ్ల కిందట, చనిపోయినవాళ్లను మమ్మీలుగా చేసింది వాళ్లే. 2021లో యునెస్కో ఆ స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కమరోనెస్ నది నీళ్లలో సహజంగానే ఆర్సెనిక్ విషం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములైతే అక్కడ దాదాపు 1000 ఉంది. ఆ విషం ఆనవాళ్లు మమ్మీల జుట్టులో, ఒంట్లో దొరికాయి. పరిశోధకుడు బెర్నార్డో అర్రియాజా ఒక మాట ప్రతిపాదించారు. ఆ నీళ్ల వల్ల గర్భస్రావాలు, పసిపిల్లల మరణాలు ఎక్కువై ఉంటాయని, ఆ దుఃఖంలోంచే పసిబిడ్డల శరీరాలను దాచుకునే ఆచారం మొదలై ఉంటుందని. నది పక్కనే ఉంది, నీళ్లు తేటగానే ఉన్నాయి. కానీ ఆ నీళ్లే తరతరాలను తిన్నాయి.

మన దగ్గర ఆ పని చేసేది ఫ్లోరైడ్. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన వేల ఏళ్ల కిందటి పళ్ల మీద కూడా సహజ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన గుర్తులు ఉన్నట్టు పరిశోధకులు రాశారు. మన దేశంలో బతికున్న మనుషుల్లో ఈ జబ్బును వైద్య పత్రికల్లో మొదట నమోదు చేసింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, నడుము వంగిపోయిన మనుషుల గురించి రాశారు. కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు.

ఆ తర్వాత 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇంకో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల్లో కుర్రవాళ్ల మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకర పోతున్నాయని. తిండి కూడా ఇందులో ఉందని అదే సంస్థ పరిశోధనలు చూపించాయి. వరి తినేవాళ్లకంటే జొన్న ప్రధానంగా తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచింది. అంటే జొన్న చెడ్డదని కాదు. నీళ్లు చెడ్డవైతే తిండి కూడా లెక్కలోకి వస్తుందని.

ఫ్లోరైడ్ రాతిలోంచి నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా ఉండి, క్షారం ఎక్కువగా ఉన్న నీళ్లలో అది ఎక్కువగా ఉంటుంది. అందుకే ఒకే ఊళ్లో ఒక బోరు మంచిది, పక్క బోరు చెడ్డది కావచ్చు. రుచిలో తెలియదు, రంగులో తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఎముక కూడా అన్నీ చెప్పదు

రెండు రోజుల్లో మనిషిని తీసుకుపోయే కలరా, విష జ్వరం ఎముక మీద గుర్తు పెట్టవు. గుర్తు పడాలంటే మనిషి ఆ రోగంతో కొన్నాళ్లు బతకాలి. కాబట్టి గీతలు, రంధ్రాలు ఉన్న అస్థిపంజరం బలహీనుడిది అనుకోవడానికి లేదు. కరువును తట్టుకుని బతికి బయటపడ్డవాడిది కూడా కావచ్చు. ఏ గుర్తూ లేని ఎముక ఆరోగ్యవంతుడిది కావచ్చు, మొదటి దెబ్బకే పోయినవాడిది కావచ్చు. 1992 నుంచి పరిశోధకులు ఈ చిక్కు గురించి గట్టిగా చర్చిస్తున్నారు.

పాతిపెట్టిన ఎముక నేలలోని నీళ్లలోంచి కూడా ఫ్లోరైడ్ పీల్చుకుంటుంది. అందువల్ల ఆ ఫ్లోరైడ్ బతికుండగా తాగినదా, చనిపోయాక చేరినదా అని కూడా తేల్చుకోవాలి. అందుకే ఒక్క ఎముకతో తీర్పు చెప్పరు. పళ్లు, కీళ్లు, సమాధిలోని కుండలు, మసిబారిన గింజలు, పశువుల ఎముకలు అన్నీ కలిపి చూస్తారు.

పుణె జిల్లాలోని ఇనాంగావ్ దీనికి మంచి ఉదాహరణ. దక్కన్ కాలేజీ తవ్విన ఆ ఊళ్లో మూడు వేల ఏళ్లకు పైబడిన పసిపిల్లల సమాధులు చాలా దొరికాయి. రెండు కుండలను మూతి మూతి కలిపి, బిడ్డను అందులో ఉంచి, ఇంటి నేల కిందే పాతిపెట్టారు. ఆ పిల్లల ఎముకలను, పళ్లను కలిపి చూసిన గ్వెన్ రాబిన్స్ షుగ్, ఊరి చివరి దశకు వచ్చేసరికి పిల్లల ఎదుగుదల దెబ్బతిందని 2011లో వచ్చిన పుస్తకంలో వివరించారు. ఒక ఊరు కష్టంలో పడితే ముందు తెలిసేది పిల్లల ఒంట్లోనే.

చనిపోయినవాళ్ల గౌరవం

మరి సమాధులు తవ్వడం న్యాయమేనా? ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. ఇస్లాంలో మయ్యత్‌కు, ఖబర్‌కు ఉన్న గౌరవం అందరికీ తెలిసిందే. వారసులు ఉన్న ఖబరస్తాన్‌కు, శ్మశానానికి ఈ శాస్త్రానికి సంబంధం లేదు. పురావస్తు తవ్వకానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఎక్కువగా తవ్వేది డ్యామ్, రోడ్డు, క్వారీ వల్ల ఎలాగూ పోయే ప్రాచీన స్థలాలనే. ఏలేశ్వరం, నాగార్జునకొండల్లో తవ్వకపోయి ఉంటే ఆ మనుషుల గురించి తెలిసే దారే ఉండేది కాదు. అమెరికాలో ఆదివాసుల పూర్వీకుల ఎముకలను మ్యూజియంలు వాళ్లకు తిరిగి అప్పగించాలని 1990లోనే చట్టం వచ్చింది. ఎముకను నంబరు వేసిన వస్తువులా కాకుండా ఒకప్పటి మనిషిలా చూడాలనే మాట ఈ రంగంలో ఇప్పుడు గట్టిగానే వినిపిస్తోంది.

అసలు అగౌరవం జరుగుతున్నది నిధి కోసం రాత్రిపూట తవ్వేవాళ్ల వల్ల, జేసీబీతో రాళ్ల వలయాలను చదును చేసేవాళ్ల వల్ల. పొలంలో వరుసగా పేర్చిన బండరాళ్లు, పాత కుండలు, ఎముకలు కనిపిస్తే కదపకుండా తహసీల్దార్ కార్యాలయానికి చెప్పాలి. నేలలో దొరికిన నిధి గురించి కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. ఎముక చోటు మారితే అది చెప్పే కథలో సగం పోతుంది.

ఇప్పటి పిల్లల పళ్లు

వెయ్యేళ్ల తర్వాత ఎవరో ఒకరు జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో ఇప్పటి మన ఎముకలు చూస్తే ఏం కనిపిస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇది సుమారు 63 శాతం. ఆండీస్ పుర్రెల్లో కంటి గుంటలు చూసి జాలిపడే ముందు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

నీళ్ల విషయంలో ఇంట్లోనే చేయగలిగినవి ఉన్నాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. బోరు నీళ్లు తాగే ఇళ్లవాళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ద్వారా ఆ బోరును పరీక్ష చేయించుకోవచ్చు. ఊరి బోరు పరీక్ష ఫలితం పంచాయతీలో అడగడం ప్రజల హక్కు. మసీదు, మదరసా, బడి బోర్లను కూడా పరీక్ష చేయించాలి, ఎందుకంటే పిల్లలు రోజులో సగం నీళ్లు అక్కడే తాగుతారు.

నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. మామూలు వడపోతతో కూడా పోదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని నీరి సంస్థ 1970ల్లోనే తయారు చేసింది. ఆర్వో యంత్రాలు కూడా తగ్గిస్తాయి. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ లాంటివి తింటే నష్టం కొంత తగ్గుతుంది. చాయ్ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు చాయ్ అలవాటు చేయకపోవడం మంచిది.

పిల్లలకు వచ్చే శాశ్వత పళ్ల ఎనామిల్ సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపే తయారవుతుంది. ఆ వయసు దాటాక నీళ్లు మార్చినా పన్ను మీది మచ్చ పోదు, ఎముకలకు మాత్రం మేలు జరుగుతుంది. కొత్తగా వచ్చిన పళ్ల మీద సుద్ద లాంటి తెల్లటి చారలు, పసుపు, గోధుమ రంగు మచ్చలు జతగా రెండు వైపులా కనిపిస్తే అది బ్రష్ సరిగా చేయకపోవడం వల్ల అని పిల్లల్ని తిట్టే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించాలి.